చెక్కభజన జట్టుకు అంబూ బ్యాగు ఇచ్చిన రోజు

నాకు నోరు ఎక్కువని ఆసుపత్రి అంతా చెప్పుకునేది. అబద్ధమేమీ కాదు. ఐసీయూ తలుపు దగ్గర నిలబడి నేను ఒక్క కేక వేస్తే, కింద మందుల షాపు దగ్గర చీటీ పట్టుకుని నిలబడినవాళ్ళు కూడా చెప్పులు విడిచేస్తారని మా ఆయాలు వేళాకోళం చేసేవాళ్ళు. చెయ్యనీ అనుకునేదాన్ని. మెత్తగా చెబితే వినే జనం అయితే నాకు మాత్రం గొంతు చించుకోవాలని సరదానా?

అప్పటికి రెండు వేల సంవత్సరం దాటి ఒకటి రెండేళ్ళయింది. అనంతపురం టౌను అంచున మాదొక ట్రస్టు ఆసుపత్రి. ఐసీయూలో ఆరు మంచాలు, ఒకే ఒక వెంటిలేటరు. నేను పగటి డ్యూటీకి ఇన్‌చార్జి సిస్టర్ని. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది తలకు దెబ్బ తగిలినవాళ్ళే. వేరుశనగ కాస్త పండిన ఏడాది ఊళ్ళలోకి మోటారు సైకిళ్ళు వచ్చేవి. వాటి మీద నుంచి పడ్డవాళ్ళు మా దగ్గరికి వచ్చేవాళ్ళు. ఆ రోజుల్లో పల్లెలో ఎవరైనా హెల్మెట్టు పెట్టుకుంటే పిల్లలు వెంటపడి నవ్వేవాళ్ళు.

తలకు పెద్ద దెబ్బ తగిలి స్పృహ లేని మనిషిని చూసుకోవడమంటే ఏదో గొప్ప విద్య అనుకుంటారు. సర్జను చేయాల్సింది ఆపరేషను గదిలోనే చేసేస్తాడు. ఆ తర్వాత మెదడు వాపు దానంతట అది తగ్గాలి. అంతదాకా మిగతా ఒళ్ళు పాడవకుండా కాపలా కాయడమే మా పని. తలవైపు మంచం ఎత్తి ఉంచాలి, మెడ పక్కకు వాలకూడదు. గంటకొకసారి రెప్పలెత్తి టార్చి వేసి కనుపాపలు చూడాలి. రెండు గంటలకొకసారి పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, లేకపోతే వీపు పుండు పడుతుంది. ముక్కులో వేసిన గొట్టం గుండా గంజి పోయాలి. అన్నీ విసుగు పుట్టించే పనులే. ఆ పనులు ఒక్కటీ మానకుండా చేస్తేనే మనుషులు లేచి ఇంటికి పోయేవాళ్ళు.

నేను చెప్పబోయే మనిషి తనకల్లు వైపు ఒక పల్లె నుంచి వచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి, మెట్ట సేద్యం. ఊళ్ళో చెక్కభజన జట్టుకు గురువు. చేతులకు చెక్కలు తగిలించుకుని, కాళ్ళకు గజ్జెలు కట్టి, గుండ్రంగా తిరుగుతూ రాముడి పాటలు పాడతారే, ఆ ఆట. లేపాక్షి దగ్గర ఒక ఊరి జాతరలో ఆడి, ముగ్గురు ఒకే బండి మీద తిరిగి వస్తుంటే అడవిపంది అడ్డమొచ్చిందట. ఇద్దరు పక్కనున్న శనక్కాయ చేన్లో పడి మోచేతులు గీసుకున్నారు. ఇతని తల కల్వర్టు రాయికి కొట్టుకుంది.

మా దగ్గరికి తెచ్చేసరికి ఒక కనుపాప పెద్దదైపోయి ఉంది. పిలిస్తే పలకడు, గిచ్చితే చేతులు బిగుసుకుపోతున్నాయి. బెంగళూరు నుంచి వారానికి మూడు రోజులు వచ్చే మెదడు సర్జను అదృష్టం కొద్దీ ఆ పూట ఊళ్ళోనే ఉన్నాడు. పుర్రె తెరిచి, గడ్డకట్టిన రక్తం తీసి, గొంతులో గొట్టంతో, వెంటిలేటరు మీద మాకు అప్పజెప్పాడు. బతుకుతాడా అని భార్య అడిగింది. నాలుగైదు రోజులు గడవనీ అన్నాడు. బతికితే మునుపటి మనిషి అవుతాడా అని కూడా ఆమె అడిగింది. ఆ మాటకు ఆయన కేసు షీటు నా చేతిలో పెట్టి మెట్లు దిగాడు.

ఆ మనిషితో పాటు వచ్చిన జనాన్ని చెప్పుకోవాలి. జట్టు జట్టంతా దిగింది, పద్నాలుగు మంది. వరండాలో దుప్పట్లు పరిచి అక్కడే కాపురం పెట్టారు. జాతర నుంచి నేరుగా వచ్చినందుకు చెక్కలూ గజ్జెలూ సంచుల్లోనే ఉన్నాయి. ఒకడు పక్కకు తిరిగితే చాలు, సంచిలో ఘల్లుమనేది. పోండప్పా ఊరికి అంటే గురువును వదిలి పోయేది లేదన్నారు. భార్య పొట్టి మనిషి, గట్టిది. పాలు గుడ్లు కలిపి గొట్టంలో పోస్తుంటే చూసి, రాగి గంజి పడకపోతే వాని కడుపు నిండదని నాతో కొట్లాటకు వచ్చింది. డాక్టరును అడిగి, పలుచగా వడగట్టి తెస్తే పోస్తానన్నాను. ఆమె తన కొంగుతోనే మూడుసార్లు వడగట్టింది. కొంగుతో కాదు తల్లీ అని నేను అరిచాక ఆసుపత్రి బట్ట తీసుకుంది.

ఇక తండ్రి. డెబ్బై దాటి ఉంటాయి. టీ గ్లాసు పట్టుకుంటే సగం పంచె మీదే పడేది, చేతుల్లో అంత వణుకు. ఎవరితోనూ మాట్లాడడు. ఐసీయూ తలుపుకు ఎదురుగా గోడకు ఆనుకుని మోకాళ్ళు ముడుచుకుని కూర్చుండేవాడు. వచ్చిన మొదటి రోజు ఆయన్ను చూసి, ఈయన్ను కూడా చూసుకోవాల్సి వచ్చేటట్టుంది అనుకున్నాను.

మూడో రోజు పొద్దున్నే వెంటిలేటరు ఆగిపోయింది. ముందు ఒక అలారం, తర్వాత రెండు అలారాలు, ఆ తర్వాత అదీ లేదు. లోపల ఏదో కవాటం చెడింది. హైదరాబాదులో ఇంజనీరుకు ఫోను చేస్తే సామాను తెప్పించాలి, రెండు రోజులన్నా పడుతుందన్నాడు. బెంగళూరు పంపుదామా అని సర్జనుకు ఫోను చేస్తే ఆయన వద్దన్నాడు. ఆ వాపుతో, ఆ రోడ్డు మీద, చేత్తో ఊపిరి అందిస్తూ అంత దూరం తీసుకుపోతే మనిషి దక్కడు, ఏం చేసినా అక్కడే చేయండి అన్నాడు.

చేయగలిగింది ఒకటే. అంబూ బ్యాగు. రబ్బరు సంచి, అరచేతికి నిండుగా ఉంటుంది. దాన్ని గొంతులోని గొట్టానికి తగిలించి ఒత్తితే గాలి రొమ్ములోకి పోతుంది, వదిలితే సంచి తనంతట తానే నిండుతుంది. ఆపరేషన్లకు మత్తు ఇచ్చే మత్తు డాక్టరు వచ్చాడు. మనిషి ఏనుగంత, గొంతు పిల్లంత. నిమిషానికి పన్నెండు, మహా అయితే పద్నాలుగు, అంతకు తగ్గితే మెదడు ఉబ్బుతుంది అన్నాడు. పెరిగితే ఇంకా మోసం, ఒంట్లో కార్బన్ డయాక్సైడు తగ్గిపోయి మెదడుకు రక్తం తీసుకుపోయే నాళాలు ముడుచుకుపోతాయి, బాగా గుర్తు పెట్టుకో అని నాకు చెప్పి, సిజేరియను కేసుంటే థియేటరులోకి వెళ్ళిపోయాడు.

ఆ పూట మేం ముగ్గురం సిస్టర్లం, ఆరుగురు పేషెంట్లు. రెండు రోజులు సంచి ఒత్తుతూ కూర్చోవడానికి మాలో ఎవరికి కుదురుతుంది? బంధువుల చేత ఒత్తించడం మాకు కొత్త కాదు. అప్పుడు నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. ఇప్పటికీ తలచుకుంటే చెవులు వేడెక్కుతాయి. వరండాలో పద్నాలుగు మంది భజన వాళ్ళున్నారు. పుట్టినప్పటి నుంచి తాళంలో బతికినవాళ్ళు. వాళ్ళకంటే లెక్క తప్పకుండా ఒత్తేవాళ్ళు ఎవరుంటారు?

బయటికి వచ్చి అడిగాను. పద్నాలుగు చేతులూ లేచాయి. ముసలాయన కూడా లేచి నిలబడి, నేను ఒత్తుతా సిస్టరమ్మా అన్నాడు. నేను ఆయన చేతుల వైపు చూసి, నువ్వు కూర్చో పెద్దాయనా అన్నాను. ఆరుగురిని ఏరి, చేతులు కడిగించి, గౌన్లు తొడిగించి లోపలికి తీసుకుపోయాను. గడియారం ముందు పెట్టి నేర్పాను. ఎంత చక్కగా పట్టుకున్నారో! పన్నెండంటే పన్నెండే. గొణుక్కుంటూ ఒక పాట అనుకుంటే తాళం తప్పదు, అనుకోవచ్చా అని అడిగాడు వాళ్ళలో పెద్దవాడు. మెల్లగా అనుకో అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయి మిగతా ఇద్దరు సిస్టర్ల ముందు గొప్పలు కూడా చెప్పుకున్నాను.

అరగంటకొకరు మారుతున్నారు. నేను మిగతా మంచాలు చూసుకుంటూ, మధ్యమధ్య వచ్చి వేలికి తగిలించిన మిషను మీద ఆక్సిజను అంకె చూస్తున్నాను. బ్రహ్మాండంగా ఉంది. ఆ అంకె బాగుంటే అంతా బాగున్నట్టే అనుకున్నాను. ఒకసారి మనిషి మారేటప్పుడు ముసలాయన తలుపు సందులోంచి లోపలికి చూస్తూ, వాళ్ళు నిండనీయడం ల్యా సిస్టరమ్మా అన్నాడు. ఏం నిండనీయడం లేదో నేను అడగలేదు. అడ్డం లే పెద్దాయనా అని తలుపు వేసేశాను.

మధ్యాహ్నం మత్తు డాక్టరు థియేటరు నుంచి వచ్చి తలుపు దగ్గరే ఆగిపోయాడు. కాసేపు చూసి, తన చిన్న గొంతుతో, "ఏమ్మా, ఊరేగింపు యాడికి పోతాండాది?" అన్నాడు.

అప్పుడు చూశాను. సంచి ఒత్తుతున్న అతను కళ్ళు మూసుకుని, తల ఊపుతూ, పెదవులు కదుపుతూ, రాముడి పట్టాభిషేకం దాకా వచ్చేశాడు. గడియారం పెట్టి లెక్కపెడితే ముప్పై దాటింది. డాక్టరు రక్తం తీసి పంపాడు. కాసేపటికి వచ్చిన కాగితాన్ని నా ముందు పెట్టాడు. కార్బన్ డయాక్సైడు ఉండాల్సిన దానికి ఎంతో కిందికి పడిపోయింది. నువ్వుండి కూడా ఇట్లా జరిగిందా అన్నాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

నాకు ఏడుపొచ్చింది. నాకు ఏడుపొస్తే కోపంగానే బయటికి వస్తుంది. సంచి నేను లాక్కుని, ఇంకో సిస్టరు చేతికిచ్చి, వరండాలోకి వెళ్ళి ఆ ఆరుగురినీ నిలబెట్టి కడిగేశాను. పొద్దున అంత చక్కగా ఒత్తినవాళ్ళకు ఏం రోగమొచ్చింది, పరుగు పందెమా అది, లోపలున్నది మీ గురువు కాదా అని అడిగాను. అందరూ తల దించుకున్నారు. పెద్దవాడు మాత్రం మెల్లగా చెప్పాడు.

"నిదానంగా ఎత్తుకోని ఉరుకులో దించేదే గదా సిస్టరమ్మా భజనంటే. మా గురువు నేర్పిచ్చిందే అది. నిదానంగా మొదలుపెట్టి నిదానంగానే ముగిస్తే దేవుడు గూడా పండుకుంటాడు."

ప్రతి అరగంటకూ కొత్తవాడు నిదానంగా ఎత్తుకున్నాడు, పాటతో పాటు పరుగెత్తాడు. వాళ్ళు వాళ్ళ విద్యను తూచా తప్పకుండా పాటించారు. తప్పు నాది. ఆ మాట ఆ రోజు వాళ్ళతో అనలేదు, అనుంటే బాగుండేది.

తిరిగి వచ్చి సంచి నేనే పట్టుకున్నాను. అరగంట గడిచేసరికి బొటనవేలి మొదట్లో నొప్పి, అవతల మూడో మంచం మీది పేషెంటుకు సెలైను అయిపోవచ్చింది, నాలుగో మంచం మనిషి ముక్కులో గొట్టం పీక్కుంటున్నాడు. కనుపాపలు చూస్తే మారలేదు, అదొక్కటే ధైర్యం. ఇంతలో తలుపు తోసుకుని ముసలాయన వచ్చాడు. మోచేతుల దాకా చేతులు కడుక్కుని, తడి చేతులు ముందుకు చాపి నిలబడ్డాడు. గౌను ఎవరు తొడిగారో, వెనకది ముందుకు తొడిగారు.

"నీ చేతులు వణుకుతాయి కదా పెద్దాయనా" అన్నాను.

"టీ గలాసుకు వణుకుతాయి. పనికి వణకవు."

ఇంకొకప్పుడైతే మళ్ళీ కసురుకునేదాన్నే. పొద్దున ఒకసారి ఆయన మాట వినకుండా తలుపు వేసిన పాపం అప్పటికి నాకు తెలిసింది. స్టూలు లాగి కూర్చోబెట్టాను. సంచి చేతికిచ్చి, దాని మీద నా చెయ్యి కూడా ఉంచాను. నిజంగానే వణుకు లేదు. ఒత్తాడు, వదిలాడు, ఆగాడు. సంచి పూర్తిగా నిండి, గుండ్రంగా అయ్యేదాకా ఆగి, మళ్ళీ ఒత్తాడు. నేను గడియారం చూశాను. పదమూడు. ఇంకో నిమిషం చూశాను. పదమూడు.

యాడ నేర్చుకున్నావని అడిగితే కొలిమి దగ్గర అన్నాడు. ముంగారు వానలకు ముందు నాగలి కర్రులు మొన తీయించడానికి రైతులంతా కమ్మరి దగ్గరికి పోతారు కదా. ఎవరి కర్రు నిప్పుల్లో ఉంటే వాళ్ళే కూర్చుని, నిప్పుకు గాలి ఊదే తోలు తిత్తి ఒత్తాలి, అది వాళ్ళ ఊరి పద్ధతి. కమ్మరి పట్టకారు పట్టుకుని చూస్తుంటాడు. తొందరపడి ఒత్తితే కర్రు కాలిపోతుంది, మెల్లగా ఒత్తితే నిప్పు చల్లారుతుంది, రెంటికీ తిట్లు తప్పవు. ఈయనకు ఎనిమిదేళ్ళప్పుడే తండ్రి పోతే, అప్పటి నుంచీ ఆ తిత్తి దగ్గర కూర్చున్నాడు. తర్వాత ట్రాక్టర్లు వచ్చి కర్రుల పని తగ్గిపోయేదాకా ఎన్ని ముంగార్లో ఆయనకే లెక్క లేదు. ఆ సంగతంతా చెప్పి, సంచి వైపు చూస్తూ అన్నాడు.

"ఒత్తేది ఎవురైనా ఒత్తుతారమ్మా. నిండేదాకా ఊరకే ఉండల్ల. అదే కష్టం."

గంట తర్వాత మళ్ళీ రక్తం పంపాం. కాగితం చూసి మత్తు డాక్టరు ముసలాయన భుజం తట్టి, మా డిపార్టుమెంటులో చేరతావా అన్నాడు. ముసలాయనకు ఆ వేళాకోళం అర్థమైనట్టు లేదు. ఒత్తుతూనే ఉన్నాడు.

ఆ రెండు రోజులూ ఐసీయూలో అంత సందడి మళ్ళీ నేను చూడలేదు. ముసలాయన అన్నానికీ, కాస్త కన్ను మూయడానికీ లేచినప్పుడు కోడలు కూర్చునేది. ఆమెకు ఆయనే దగ్గరుండి నేర్పాడు. మామ ముందు గట్టిగా మాట్లాడని మనిషి, సంచి చేతిలో ఉంటే మాత్రం, నువ్వు పండుకో పో మామా, నేనుండ్లా అని గదమాయించేది. పదిహేను నిమిషాలు పడుకుని ఆయన తిరిగి వచ్చేసేవాడు. లోపలికి రాగానే ముందు కొడుకును చూసేవాడు కాదు, సంచిని చూసేవాడు.

భజన వాళ్ళను ఊరికే వదల్లేదు. రెండు గంటలకొకసారి పేషెంటును పక్కకు తిప్పే పని వాళ్ళకిచ్చాను. తల, మెడ, నడుము, కాళ్ళు అన్నీ ఒకేసారి, ఒకే ఎత్తులో లేవాలి. ఒక్కరు ముందు లేపినా మెడ మెలిక పడుతుంది. మా వార్డు బాయ్‌లు నలుగురు చేస్తే నలభై తప్పులు. వీళ్ళు మంచానికి అటు ఇద్దరు ఇటు ఇద్దరు నిలబడి, తల నా చేతిలో ఉంచి, పెద్దవాడు రామా అనగానే లేపేవాళ్ళు. దుప్పటి మీద ముడత పడేది కాదు. ఇందులో ఉరికే అవకాశం లేదు కాబట్టి నేను కూడా నిశ్చింతగా మెచ్చుకున్నాను. నేను మెచ్చుకున్నానని వాళ్ళు వరండా అంతా చెప్పుకున్నారు. మొదటి మంచం పేషెంటు బంధువులు వచ్చి, మా వాణ్ణి కూడా వాళ్ళ చేతనే తిప్పించమని అడిగారు.

నాలుగో రోజు సాయంత్రం సర్జను వచ్చాడు. కనుపాపలు రెండూ ఒకేలా ఉన్నాయి, చిన్నవయ్యాయి. మత్తు మందు తగ్గించుకుంటూ రమ్మన్నాడు. తగ్గించాక తనంతట తాను ఊపిరి తీసుకోవాలి, అది చూడాలి అన్నాడు. తీసుకోకపోతే అని నేను అడగలేదు. ఇంతమందిని చూశాను, నాకు తెలుసు. తీసుకోకపోతే, వెంటిలేటరు బాగయినా అది ఇతనికి పెట్టాలా, బతికేవాళ్ళకు పెట్టాలా అన్నది తేల్చుకోవాల్సి వస్తుంది. ఆ మాట ఐసీయూ అద్దం అవతల నిలబడ్డ భార్యకు నేనే చెప్పాల్సి వస్తుంది.

అయిదో రోజు పొద్దున డ్యూటీకి వచ్చేసరికి ముసలాయన సంచి ఒత్తుతున్నాడు. కళ్ళు ఎర్రగా గుంటలు పడి ఉన్నాయి. నేను కనుపాపలు చూసి, గొంతులో కఫం తీసి, చార్టు రాసుకుంటున్నాను. కిటికీలోంచి ఎండ మంచం కాళ్ళ మీద పడుతోంది. వెనక నుంచి ఆయన పిలిచాడు.

"సిస్టరమ్మా. నేను ఒత్తకముందే వాడు లాగుతాండాడు."

నేను నమ్మలేదు. నిద్ర లేని మనిషి, తండ్రి, చేతికి ఏదో తోచిందనుకున్నాను. రొమ్ము వైపు చూస్తే నాకేమీ తేడా కనబడలేదు. నువ్వు ఒత్తు పెద్దాయనా, ఆపొద్దు అన్నాను. ఆయన ఆపలేదు. ఆపకుండానే మళ్ళీ అదే మాట అన్నాడు, ఈసారి కొంచెం గట్టిగా. తిత్తి నిండింటే నా చేతిలోంచి గుంజుకుంటాండాడు, నువ్వే చూడు అన్నాడు.

వెళ్ళి ఆయన చేతి మీద నా చెయ్యి పెట్టాను. ఒత్తాడు. వదిలాడు. సంచి నిండింది. ఆగాడు. ఆ ఆగిన చోట, మా ఇద్దరి చేతుల కింద, ఎవరూ ఒత్తని సంచి చిన్నగా లోపలికి పోయింది. చంటిబిడ్డ పాలు తాగేటప్పుడు తల్లికి తెలుస్తుంది చూడండి, అంత. మళ్ళీ ఆగాం. మళ్ళీ పోయింది.

మత్తు డాక్టరును కేక వేశాను. ఆ కేక విని వరండాలో పద్నాలుగు మందీ లేచి నిలబడ్డారట. ఆయన వచ్చి, చూసి, రొమ్ము మీద స్టెతస్కోపు పెట్టి, ఒక నిమిషం చేతులు తీసేద్దాం అన్నాడు. ముసలాయన తీయలేదు.

"తీస్తే?" అన్నాడు.

"తీస్తే ఆయనే పీల్చుకుంటాడు" అన్నాను.

"పీల్చుకోకుంటే?"

"నేనుండాను కదా. నా చెయ్యి ఈడే ఉంటాది."

తీశాడు. రొమ్ము కిందికి దిగింది. దిగి అక్కడే ఉండిపోయింది. గడియారం చూడటం నా అలవాటు, ఆ పూట చూడలేదు. చూసి ఉంటే ఆరేడు సెకన్లు ఉంటాయేమో. అద్దం అవతల భార్య రెండు చేతులూ అద్దానికి ఆనించి నిలబడింది. అప్పుడు రొమ్ము లేచింది. కొంచెమే, వంకరగా, ఒకవైపు ముందు లేచి. దిగింది. మళ్ళీ లేచింది. డాక్టరు ఏనుగంత మనిషి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

ముసలాయన ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి నన్ను చూసి, "ఇంగ నేనేం సేయల్లమ్మా?" అన్నాడు. ఏమీ చేయొద్దు, కూర్చుని చూడు అన్నాను. కూర్చుని చూశాడు. టీ తెచ్చి ఇస్తే గ్లాసు వణికి మళ్ళీ సగం పంచె మీద పోసుకున్నాడు. నేను ఇంకో గ్లాసు తెప్పించి, నేనే పట్టుకుని తాగించాను.

ఆ సాయంత్రానికి ఇంజనీరు సామానుతో వచ్చాడు. వెంటిలేటరు సాయం ఇంకో నాలుగు రోజులు తీసుకున్నాం, కానీ అప్పటికి అది సాయమే. పదో రోజుకు కళ్ళు తెరిచాడు. మొదటి మాట భార్యను తిట్టడం. తలకు దెబ్బ తగిలినవాళ్ళు కొన్నాళ్ళు అట్లా తిడతారు, పట్టించుకోవద్దు అని నేను చెప్పబోతే, మొదటి నుంచీ అంతేలే సిస్టరమ్మా, మనిషి మారలేదు అని ఆమె నవ్వుతూ ఏడ్చింది. నెల దాటాక జట్టు వాళ్ళు మంచం మీద మోసుకుపోతామంటే వద్దని, ఒక కాలు ఈడ్చుకుంటూ తనే నడిచి ఆటో ఎక్కాడు.

ఏడాది తర్వాత చెకప్‌కు వచ్చాడు. మాట కాస్త నిదానమైంది, ఎడమ కాలు ఇంకా ఈడుస్తున్నాడు. సర్జను దగ్గర పనయ్యాక నన్ను చూడటానికి ఐసీయూ దాకా వచ్చాడు. తండ్రి కింద గేటు దగ్గర బెంచీ మీద కూర్చున్నాడట, మెట్లు ఎక్కలేడు. దెబ్బ తగిలిన పూట నుంచి పది పన్నెండు రోజులు తనకేమీ గుర్తు లేదన్నాడు. అంతా జట్టు వాళ్ళు చెప్పగా విన్నాడు. మిషను చెడిపోయిందంట కదా, మా వాళ్ళే భజన సేసి, అటూ ఇటూ దొర్లిచ్చి నన్ను లేపినారంట కదా, ఊరూరా చెప్పుకుంటాండారు అన్నాడు, గర్వంగా.

నాకు మండింది. వాళ్ళ భజన సంగతి నాకు తెలుసు అని మొదలుపెట్టి, ఉన్నదంతా చెప్పేశాను. నిమిషానికి ముప్పై సార్లు ఒత్తిందీ, కొలిమి తిత్తీ, రెండు రోజులూ. ఆ రెండు రోజులూ నీ రొమ్ములోకి పోయిన ఊపిరి దాదాపు అంతా మీ నాయన చేతిలోంచే వచ్చింది అన్నాను. మీ నాయన చెప్పలేదా అంటే, లేదన్నాడు. మా నాయన ఏమీ చెప్పడు, ఏమి తిన్నావని అడిగినా చెప్పడు అన్నాడు. భార్య మొదట్లో చెప్పబోతే, జట్టు వాళ్ళ మాటలే నమ్మి కొట్టిపారేశాడట. ఆ తర్వాత లేచి, కాలు ఈడ్చుకుంటూ మెట్ల వైపు వెళ్ళిపోయాడు.

స్కానింగు ఫిల్ముల కవరు బల్ల మీదే మరిచాడు. అది పట్టుకుని నేను కిందికి పరుగెత్తాను. గేటు దగ్గర బెంచీ మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. కొడుకు తండ్రి కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, అరచేయి పైకి తిప్పి చూస్తున్నాడు. ముసలాయనకు భయమేసినట్టుంది.

"ఏమిరా, తలకాయ మళ్ళా నొస్తాండాదా?" అన్నాడు.

లేదు నాయనా అన్నాడు కానీ చెయ్యి వదల్లేదు. నేను కవరు బెంచీ మీద పెట్టి, మాట్లాడకుండా వచ్చేశాను, నా జన్మలో ఆ ఒక్కసారి. వాళ్ళు ఎక్కాల్సిన కదిరి బస్సు వచ్చి, గేటు ముందు హారను కొట్టి వెళ్ళిపోయింది. వాళ్ళు దాని తర్వాతి బస్సుకు వెళ్ళారు.